వైట్ మెటల్ పోసే ఇల్లు

రెజిమెంటల్ బజార్ వెనక సందులో మా ఇంటికి మెట్లు దుకాణం లోపలి నుంచే ఉండేవి. కింద దుకాణం, పైన మేము. నేను ఆఫీసు నుంచి వచ్చి పైకి పోవాలంటే లేత్ పక్కనుంచి, కాళ్లకు ఇనప తుక్కు గుచ్చుకోకుండా చూసుకుంటూ, లోహం కరిగించే భట్టీ దాటుకుని పోవాల్సిందే. పెళ్లయిన కొత్తలో ఆ వాసన నాకు పడేది కాదు. మాడిన నూనె, కరిగిన లోహం కలిసిన వాసన. కొన్నాళ్లకు ముక్కు అలవాటు పడిపోయింది. ఊరు వెళ్లి వచ్చినప్పుడు ఆ వాసన తగిలితేనే ఇల్లు చేరినట్టు ఉండేది.

మా మామగారు, మా ఆయన చేసేది బుష్షుల పని. తిరిగే ఇరుసు, అంటే షాఫ్టు, ఏదైనా దేనిమీదో ఒకదాని మీద ఆని తిరగాలి. అదే బుష్. యంత్రాలన్నింట్లోనూ గుండ్లున్న బేరింగులే ఉంటాయని నేను అనుకునేదాన్ని. మామగారే ఒకరోజు ఒక పాత యంత్రం విప్పి చూపించారు. గుండ్లు లేవు, ఏమీ లేవు. రెండుగా చీల్చిన గొట్టంలా ఉంది. లోపల నున్నటి తెల్లటి పూత.

"గిదే బిడ్డా అసలు బేరింగ్. షాఫ్టుకూ దీనికీ నడుమ నూనె ఉంటది. నూనె మీద తేలుకుంట తిరుగుతది షాఫ్టు" అన్నారు.

"మరి ఇంత మెత్తగా ఉందేంటి మామయ్యా? గోరు పెడితే గీత పడేటట్టుంది."

"మెత్తగనే ఉండాలె. రాయి నలుసు పడ్డదనుకో, దీంట్ల కూరుకపోతది, షాఫ్టుకు గీత పడదు. నూనె అయిపోయిందనుకో, ఇది కరుగుతది, షాఫ్టు బతుకుతది. బుష్ మల్ల చేసుకోవచ్చు. షాఫ్టు ఏడికెల్లి తెస్తం?"

చెరుకు రసం మిషన్లకు, పిండి గిర్నీలకు, పంపులకు చిన్న చిన్న ఇత్తడి బుష్షులు లేత్ మీద చేసేవాళ్లు. కానీ దుకాణానికి పేరు తెచ్చింది మాత్రం ఆ తెల్లటి పూత పోసే వైట్ మెటల్ పనే. ఊరి బయట కంకర క్రషర్లు ఉంటాయి. వాటి బేరింగులు ఒక్కోటి ఇద్దరు మోసేటంత బరువు. లోపలి పూత అరిగిపోతే మా దగ్గరికి తెచ్చేవాళ్లు. పాత పూత కరిగించి తీసేసి, కొత్తది పోసి, లేత్ మీద సాపు చేసి, చివరికి చేత్తో గీకి షాఫ్టుకు సరిపెట్టాలి. షాఫ్టుకు నీలం రంగు పూసి బుష్‌లో తిప్పితే, ఎత్తుగా ఉన్న చోటల్లా నీలం అంటుకుంటుంది. అంటిన చోట గీకాలి. మళ్లీ తిప్పాలి, మళ్లీ గీకాలి. ఆ గీకుడు పని మా ఆయనది. పోత పోసే పని మామగారు నేర్పితే నేర్చుకున్నాడు గానీ, గీకే పని ఎవరూ నేర్పకుండానే వచ్చిందని మామగారు నలుగురిలో చెప్పుకునేవారు.

మా పాపకు అప్పుడు నాలుగేళ్లు. సందు చివర ప్లే స్కూలుకు పోయి మధ్యాహ్నానికి వచ్చేసేది. నేను బేగంపేటలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో పనిచేస్తాను, సాయంత్రం దాటితే గానీ రాను. అత్తగారు మా పెళ్లికి ముందే పోయారు. కాబట్టి పాపను చూసుకునేది తాతే. దుకాణంలో ఒక మూల మంచం, మంచం మీద పాప, పక్కన ఆయన. భట్టీ దరిదాపులకు పోనిచ్చేవారు కాదు. నిప్పంటే ఆయనకు అంత భయం. ఒకసారి పోత పోయగా మిగిలిన లోహంతో, తడి ఇసుకలో అచ్చు చేసి, పాపకు ఆటగిన్నెలు పోసిచ్చారు. చిన్న గిన్నె, దాని మూత, పళ్లెం, గరిటె. అంచులు గుచ్చుకోకుండా ఆకురాయితో రుద్ది ఇచ్చారు. వెండిలా మెరిసేవి. పాప వాటిలో మరమరాలు పోసి అన్నం వండేది. తాతకు పెట్టేది, తనూ తినేది. ఆఫీసులో ఫోన్‌లో ఆ ఫొటో చూపిస్తే, ఎక్కడ కొన్నారని అందరూ అడిగారు.

ఆ ఏడాది ఎండాకాలంలో మా ఆయనకు కడుపునొప్పి మొదలైంది. మొదట గ్యాస్ అనుకున్నాం. బయట తిండి మానేశాడు, మజ్జిగ తాగాడు, మందుల షాపులో అడిగి గోళీలు వేసుకున్నాడు. నొప్పి వచ్చిందంటే మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకునేవాడు. విరేచనం సరిగా అయ్యేది కాదు. అల్సర్ అని ఒక డాక్టరు మందులిచ్చాడు. గొంతులోకి గొట్టం వేసి చూసిన ఇంకో డాక్టరు అల్సర్ లేదు, టెన్షన్ తగ్గించుకో అన్నాడు.

నొప్పి కంటే నన్ను భయపెట్టింది మనిషి మారిపోవడం. గట్టిగా మాట్లాడని మనిషి చిన్నదానికి అరవడం మొదలుపెట్టాడు. పాప నీళ్ల గ్లాసు ఒలకబోస్తే దాని చేతిమీద కొట్టాడు. కొట్టి, తన చెయ్యి వైపే చూస్తూ కూర్చున్నాడు. చెప్పిన మాట గుర్తుండేది కాదు. ఒకరోజు పంపు బుష్‌కు లోపలి రంధ్రం పెద్దదిగా కోసేశాడు. మామగారు దాన్ని షాఫ్టుకు తొడిగి చూసి, వదులుగా జారిపోతుంటే ఏమీ అనకుండా తుక్కు డబ్బాలో వేశారు. నాతో మాత్రం మెట్ల దగ్గర మెల్లగా అన్నారు.

"వానికి ఎవల్దో కన్ను తగిలింది బిడ్డా. జెర ఉప్పు, మిరపకాయలు తీసి పారెయ్యి."

తీశాను. నాకు నమ్మకం లేకపోయినా తీశాను. ఆ తర్వాతి వారం, గీకే స్క్రేపర్ పట్టుకున్న మా ఆయన కుడి మణికట్టు వాలిపోయింది. వేళ్లు ముడుచుకుంటున్నాయి, కానీ చెయ్యి పైకి లేవడం లేదు. ఎడమ చేత్తో దాన్ని ఎత్తి బల్ల మీద పెట్టుకుని, "చూడు, ఇది నాది గానట్టున్నది" అన్నాడు. అప్పుడు మాత్రం అరవలేదు.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. క్యూలు దాటుకుని లోపలికి పోయేసరికి మధ్యాహ్నమైంది. చూసిన డాక్టరమ్మకు నా వయసే ఉంటుంది. పాత మందులన్నీ చూసింది, చెయ్యి చూసింది, కళ్లు చూసింది. తర్వాత అడిగింది.

"ఏం పనిచేస్తారు?"

"బుష్షులు చేస్త మేడం."

"అంటే?"

"బేరింగులు. వైట్ మెటల్ కరగవెట్టి పోస్తం. తర్వాత గీకుతం."

ఆమె పెన్ను పక్కన పెట్టింది. "కింది పెదవి లాగి పట్టుకోండి" అంది. టార్చి వేసి చూసింది. నన్నూ పిలిచి చూడమంది. పళ్ల మొదట్లో, చిగుళ్ల అంచున, సన్నటి నీలిగీత. పెన్సిల్‌తో గీసినట్టు ఒక పంటి నుంచి ఇంకో పంటికి పోతోంది.

మా ఆయన తడబడ్డాడు. "అది మేం షాఫ్టుకు పూసే నీలం రంగు గావచ్చు మేడం. చేతులకు అంటుకుంటది."

"రంగు కాదు. సీసం. మీరు పోసే లోహంలో సీసం ఉంటుంది కదా?"

"తగరం మేడం. మంచి రకం అయితే అంతా తగరమే. క్రషర్లకు మాత్రం పాతది కరగవెట్టి పోస్తం. అండ్ల సీసం సుత ఉంటది."

"ఎన్నేళ్ల నుంచి చేస్తున్నారు?"

"మీసాలు రాని సంది."

ఆమె మెల్లగా, మాకు అర్థమయ్యేలా చెప్పింది. పొగలో, గీకినప్పుడు లేచే పొడిలో, చేతికి అంటి అన్నంతో పాటు లోపలికి పోయే దాంట్లో సీసం ఉంటుంది. రక్తంలో కలుస్తుంది, ఎముకల్లో దాక్కుంటుంది. కడుపునొప్పి, కోపం, మతిమరుపు, వాలిన చెయ్యి, అన్నీ దానివే కావచ్చు. రక్తపరీక్ష చేసి చూద్దాం, ఆసుపత్రిలో ఉండాల్సి వస్తుంది. ఇదంతా చెప్పి, లేవబోతున్న మమ్మల్ని ఆపి అడిగింది.

"ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

"నాలుగేళ్ల పాప" అన్నాను.

ఇంటికి వచ్చి చెబితే మామగారు నమ్మలేదు. ఆయన రైల్వేలో పోత పని నేర్చుకుని, బయటికి వచ్చి ఈ దుకాణం పెట్టినాయన. ఆ భట్టీ ఆయన చేతులతో కట్టుకున్నది.

"గా డాక్టరుకు ఏం తెల్సు? నేను జిందగీ అంత పోసిన. నాకేం గాలె. సీసమైతే నేనే ముందు పోవాలె గద?"

"మామయ్యా, పాపకు సుత చూపియ్యమన్నది" అన్నాను. ఆ ఇంట్లో ఉండీ ఉండీ నా మాట కూడా అప్పుడప్పుడు వాళ్ల యాసలోకి తిరిగేది.

"పాపకేం? నిప్పు కాడికి పోనియ్యలే. ఏనాడన్న పోనిచ్చిన్నా?"

నిజమే, పోనివ్వలేదు.

పాపకు రక్తం తీసినప్పుడు అది ఏడవలేదు. సూది వైపే చూస్తూ, "ఎర్రగున్నది" అంది. రిపోర్టు వచ్చే దాకా ఆఫీసులో ఎవరి టికెట్టు ఏ ఊరికి చేశానో నాకే తెలియదు. ఒకాయనకు తప్పు ఊరికి చేసి మాటపడ్డాను. రిపోర్టులో మా ఆయన రక్తం చూసి డాక్టరమ్మ వెంటనే చేరమంది. పాపది అంత లేదు, కానీ పిల్లల ఒంట్లో ఉండకూడనంత ఉంది.

"నోట్లో ఏమైనా పెట్టుకుంటుందా? గోడ సున్నం, మట్టి, దుకాణంలో వస్తువులు?"

మా ఆయన తల వంచుకున్నాడు. అతనికి నాకంటే ముందే తట్టింది. గిన్నెల సంగతి నేనే చెప్పాను. డాక్టరమ్మ అంది, "ఈ రోజే తీసేయండి. పిల్లను ఆ ఇంట్లోంచి తీసుకుపోండి."

మేం వచ్చేసరికి మామగారు మంచం మీద కూర్చుని ఉన్నారు. పాపను ఆ రోజు పక్కింటివాళ్ల దగ్గర వదిలాం గానీ, ఉండలేక తాత దగ్గరికే వచ్చేసింది. పళ్లెంలో మరమరాలు పెట్టి, గరిటెతో ఆయన నోటికి అందిస్తోంది. "తిను తాతా, ఉడుకుడుకున్నది" అంటోంది. తర్వాత అదే గరిటె తన నోట్లో పెట్టుకుంది.

నేను పరుగెత్తి గరిటె లాక్కున్నాను. పాప బెదిరి ఏడుపు అందుకుంది. మామగారు లేచి, "ఏందమ్మా, ఏమయింది?" అన్నారు. చెప్పాను. ఒక్క ముక్కలో చెప్పాను, "పాప రక్తంలో ఉన్నదంట మామయ్యా. ఈ గిన్నెలే కావచ్చంట."

ఆయన వాదిస్తారనుకున్నాను. వాదించలేదు. వంగి గిన్నె, మూత, పళ్లెం ఒక్కొక్కటే తీసుకున్నారు. నా చేతిలో ఉన్న గరిటె కోసం చెయ్యి చాపారు. ఇచ్చాను. వాటిని చొక్కా జేబులో వేసుకుని, "నా చేతుల్తోనే పోసిన. నా చేతుల్తోనే తినిపిచ్చిన" అన్నారు. తర్వాత సందులోకి పోయారు. ఆ గిన్నెలు మళ్లీ కనిపించలేదు.

దుకాణంలో అప్పటికి క్రషర్‌ది ఒక పెద్ద బేరింగు సగం పనిలో ఉంది. పాత పూత తీసేశారు, కొత్తది పోయాలి. దాని యజమాని మర్నాడు పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అన్నా, మిషిన్ బందు పడ్డది. పనోళ్లు ఖాళీగ కూసున్నరు. ఇయ్యాల ఇస్తనంటివి."

మా ఆయన ఆసుపత్రికి పోవడానికి బట్టలు సర్దుకుంటున్నవాడు కాస్తా కిందికి దిగాడు. "గిదొక్కటి పోసి బందు చేస్త" అన్నాడు నాతో.

"ఏ చేత్తో పోస్తవు?" అన్నాను. అలా అనకూడదని అన్నాక తెలిసింది. అతని ముఖం నల్లబడింది.

"నాయిన ఉన్నడు గద."

"పొగ ఎవరు పీలుస్తరు? పైన పాప ఉన్నది. ఒక్కసారి, ఒక్కసారి అనుకుంటనే ఇంతదాంక వచ్చింది."

"మరి ఏం చెయ్యమంటవు? మాట ఇచ్చినంక? గీ పని దప్ప నాకేమొస్తది?"

క్రషర్ యజమాని మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మామగారు మధ్యలోకి వచ్చారు. ఆ యజమానితోనే అన్నారు, "తమ్మీ, ఈడ ఇగ పోత లేదు. నడువు, ఇంకో కాడికి నేనే తోలుకపోత. మంచిగ చేస్తరు." ఇద్దరూ కలిసి ఆ బరువు మోసి ఆటో ట్రాలీలోకి ఎక్కించారు. పాపను పక్కింట్లో వదిలి మేం ఆసుపత్రికి వెళ్లాం, ఆయన ఊరి బయట ఒక పెద్ద కార్ఖానాకు వెళ్లారు.

సాయంత్రం ఆసుపత్రికి వచ్చి, కొడుకు మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాక చెప్పారు. "ఆడ భట్టీ మీద పెద్ద గొట్టం పెట్టిన్రు, పొగంత గుంజుతది. పోరగాండ్లు మొఖాలకు మాస్కులు తొడుక్కొని పోస్తున్నరు. పనయినంక తానం చేసి, బట్టలు మార్చి ఇంటికి పోతరంట. మేం నోట్ల బీడి పెట్టుకొని పోసినం బిడ్డా."

అక్కడే డాక్టరమ్మ ఆయన్ను కూడా నోరు తెరవమంది. చిన్నపిల్లవాడిలా తెరిచారు. ఆ గీత ఆయనకు ఇంకా ముదురుగా ఉంది. "గిది జర్దా మరక అనుకున్న" అన్నారు. ఆయన చేతులు వణకడం వయసు వల్ల అనుకున్నాం మేం అందరం. పరీక్ష చేద్దామంటే, "ముందు వీండ్లను చూడున్రి. నాదేమున్నది" అని లేచి వెళ్లిపోయారు. చాలా రోజులు బతిమాలితే గానీ ఒప్పుకోలేదు.

మేం బోయిన్‌పల్లిలో ఒక అద్దె ఇంటికి మారాం. పాత ఇంటినుంచి మంచాలు, పరుపులు ఏవీ తెచ్చుకోలేదు. గిన్నెలు కడిగి కడిగి తెచ్చాను. పాప బట్టలు కొత్తవే కొన్నాం. మామగారు మాత్రం దుకాణంలోనే ఉండి, డాక్టరమ్మ చెప్పినట్టు దుమ్ము లేవకుండా తడిపిన గోనెపట్టాలు కప్పి, భట్టీని ఒక్కో ఇటుకా తీశారు. తడిగుడ్డతో గోడలన్నీ తుడిచారు. ఎవరినీ సాయం రానివ్వలేదు, మూతికి గుడ్డ కట్టుకుని ఒక్కరే చేశారు. తర్వాత మా దగ్గరికే వచ్చారు. ఆ సందులో ఇంకా పోత పోసేవాళ్లున్నారు. వాళ్ల దగ్గరికి పోయి చెప్పి చూశారు. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారట. "నీకు రోగమొస్తే అందరికి వస్తదా కాకా" అని నవ్వారట. ఒకాయన మాత్రం తన భార్యను తీసుకుని మా డాక్టరమ్మ దగ్గరికి పోయి వచ్చాడని తర్వాత తెలిసింది.

మా ఆయనకు మందులు ఎక్కించాక కడుపునొప్పి పోయింది. కోపం తగ్గింది. చెయ్యి లేస్తోంది, అన్నం కలుపుకుంటాడు, స్కూటర్ నడుపుతాడు. గీకే పని మాత్రం చేయలేడు. ఆ పనికి కావలసిన నిలకడ మణికట్టులోకి తిరిగి రాలేదు. దుకాణంలో ఇప్పుడు నైలాన్ కడ్డీలు కోసి బుష్షులు చేస్తాడు. తేలికపాటి మిషన్లకు అవి బాగానే పనికొస్తాయి, నూనె కూడా పెద్దగా అడగవు. తెల్లటి తునకలు రిబ్బన్లలా చుట్టుకుని పడుతుంటాయి. ఒకసారి నేను పోయినప్పుడు, పాత గిరాకీ ఒకాయన అరిగిన వైట్ మెటల్ బేరింగు తెచ్చి చూపిస్తున్నాడు. మా ఆయన దాని లోపల బొటనవేలుతో తడిమి, "మంచిగ చేసిన్రు గిది ఎవలో" అన్నాడు. అతను నవ్వి, "నువ్వే చేసినవు గదన్నా" అన్నాడు. మా ఆయన తన పనినే గుర్తుపట్టలేదు. నేను అటు చూడనట్టు బయటికి వచ్చి నిలబడ్డాను.

పాపకు మళ్లీ పరీక్ష చేయించాం, మళ్లీ చేయించాం. తగ్గుతోంది. ఇనుము మందు, పాలు, ఆకుకూరలు పెడుతున్నాను. ఎముకల్లోకి పోయింది మెల్లగా వస్తుందనీ, ఇప్పటిదాకా జరిగింది ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పలేమనీ డాక్టరమ్మ అంది. పిల్ల ఆడుతుంది, అల్లరి చేస్తుంది, అందరికీ మామూలుగానే కనిపిస్తుంది. ఒక్క నాకే అలా కనిపించదు. చెప్పిన పాట మర్చిపోతే మళ్లీ మళ్లీ పాడిస్తాను. పిలిస్తే వెంటనే తిరగకపోతే భయమేస్తుంది. పక్కింటి పిల్లలూ పాటలు మర్చిపోతారు, పిలిస్తే పలకరు. తెలుసు. తెలిసినా ఆగదు.

ఇప్పుడు బడిలో వేశాం. మొన్న ఆదివారం పొద్దున వరండాలో కూర్చుని అక్షరాలు రాస్తోంది. 'క' బదులు 'త' రాసింది. దిద్దాను. మళ్లీ 'త' రాసింది. పలక పక్కన పెట్టి నేను లేచిపోబోతుంటే, పేపరు చదువుతున్న మా ఆయన చూశాడు. నా ముఖంలో ఏం కనిపించిందో, నవ్వుతూ అన్నాడు.

"ఊకో. గింతదానికి పరేషాన్ అవుతవేంది? నేను సుత చిన్నప్పుడు గట్లనే రాసెటోన్నంట. రెండేండ్లు ఒకటే క్లాసుల ఉంచిన్రు. ఉన్న గద మంచిగనే?"

నేను అతని వైపు చూశాను. గుమ్మంలో నిలబడ్డ మామగారూ చూశారు. అతను పుట్టి పెరిగింది కూడా ఆ దుకాణం పైనే, ఆ పొగలోనే. మా ఆయన నవ్వు మెల్లగా ఆగిపోయింది. పేపరు మడిచి, పాప పక్కన కింద కూర్చున్నాడు. కుడి చేతికి నిలకడ లేదని ఎడమ చేత్తో బలపం పట్టుకుని, పలక మీద పెద్దగా ఒక 'క' రాసి, "దీని మీద దిద్దు బిడ్డా" అన్నాడు.